నీళ్ళ రోజు గురించి నేను చెప్పిన సాక్ష్యం

చిన్నప్పటి నుంచి నన్నెరిగిన వాళ్ళంతా ఒకటే మాట అంటారు, నేను వకీలును కావలసిందని. కూరగాయల బండి దగ్గర, బస్సులో కిటికీ సీటు దగ్గర, ఆడబిడ్డ పెళ్ళిలో మగపెళ్ళివారి విడిది దగ్గర, నేను నోరు విప్పిన ప్రతిచోటా ఎవరో ఒకరు ఆ మాట అననే అన్నారు. నేనూ నమ్మాను. వకాలతు అంటే ఎదుటివాడికి మాట దొరకకుండా చేయడమేనని, అది నాకు పుట్టుకతోనే వచ్చిందని, నల్లకోటు ఒక్కటే తక్కువైందని నమ్మాను. ఎల్బీనగర్ కోర్టులో సాక్షి బోనెక్కిన రోజు మధ్యాహ్నం దాకా నమ్మాను.

మా ఇల్లు మన్సూరాబాద్‌లో. వీధిలో సగం మంది మాలాంటి పాత ఊరివాళ్ళు, సగం మంది కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. మా ఎదుటి వరుసలో మూడో ఇల్లు హిందీ టీచరమ్మది. గుంటూరు వైపు మనిషి. రిటైరయ్యాక కూడా వీధి పిల్లలందరినీ హిందీ పరీక్ష గట్టెక్కించింది ఆవిడే. నా ఇద్దరు కూతుళ్ళూ ఆవిడ అరుగు మీద కూర్చుని లింగభేదాలు వల్లె వేసినవాళ్ళే.

ఒక తెల్లవారుజామున ఆవిడ గేటు ముందు ముగ్గు వేస్తుంటే బైకు మీద వచ్చినవాడెవడో వెనక నుంచి మెడలో గొలుసు లాగాడు. ఆవిడ గొలుసు వదల్లేదు. వాడు బండి ఆపలేదు. గేటు ర్యాంపు అంచుకు ఆవిడ తల తగిలింది. మూడో రోజు దవాఖానలో పోయింది.

వీధి చివర కాలనీ సంఘం అధ్యక్షుడి రెండో అంతస్తు గోడకు ఒక కెమెరా ఉంది. దాని పెట్టెలో రెండు రోజుల రికార్డింగే నిలుస్తుంది, ఆ తర్వాత దానంతటదే చెరిగిపోతుంది. ఆవిడ పోయి అది హత్య కేసయ్యేసరికి పెట్టెలో ఏమీ లేదు. మిగిలిందల్లా అధ్యక్షుడు టీవీ తెర మీద నుంచి తన ఫోనులో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టిన చిన్న వీడియో. బైకు, దాని మీద వంగిన ఒక వీపు, మసకబారిన ముఖం, మూలన తెల్లటి అంకెల్లో టైము, ఐదూ నలభై. అంతే. దాని కింద ఎవరో రాశారు, "గీ మనిషి మన సంపులు కడిగేటాయన లెక్కనే ఉన్నడు కదా" అని. సాయంత్రానికల్లా 'లెక్కనే ఉన్నడు' అన్న ముక్క రాలిపోయి 'వాడే' అన్నది మిగిలింది.

సంపులు, అంటే ఇళ్ళ కింద నీళ్ళ తొట్లు, కడిగే ఆయన హయత్‌నగర్ నుంచి వచ్చేవాడు. నలభై దాటిన మనిషి. మా సంపులోకి రెండుసార్లు దిగాడు. పనిమంతుడే గానీ పిలిస్తే పలకడు, తలెత్తి చూడడు, పొగరు అని అందరం అనుకునేవాళ్ళం. పైగా ఎప్పుడో మోటారు దొంగతనం కేసు ఒకటి ఉందని తెలిసింది. ఇంకేం కావాలి. పోలీసులు తీసుకుపోయినప్పుడు కూడా అడిగినదానికి జవాబు చెప్పలేదట. తప్పు చేయనివాడైతే ఎందుకు మాట్లాడడని మేమే తీర్పు చెప్పేశాం.

చూసినవాళ్ళెవరైనా ఉన్నారా అని పోలీసులు వీధిలోకొచ్చి అడిగినప్పుడు నేనే ముందుకొచ్చాను. బాల్కనీలో ఉన్నానని, గొలుసు లాగడం చూశానని, ఆ వీపును గుర్తుపట్టానని చెప్పాను. అబద్ధం చెప్తున్నానని నాకు ఏ కోశానా అనిపించలేదు. ఇది మాత్రం నమ్మండి. కళ్ళు మూసుకుంటే ఆ బైకు, ఆ వీపు, చెదిరిన ముగ్గు ఇప్పటికీ కనిపిస్తాయి.

కేసులో నా మాటే గట్టిదని, నేను నిలబడితే వాడికి యావజ్జీవం ఖాయమని టీచరమ్మ కూతురు నా చేయి పట్టుకుని చెప్పింది. "మీరుండబట్టే అండీ మాకు ధైర్యం" అంది. ఆమెను తీసుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో పేరున్న ఒక వకీలు ఆఫీసుకు కూడా పోయాం, కేసు ఎట్లా నడుస్తుందో తెలుసుకుందామని. మెట్ల నిండా కోచింగ్ పిల్లల చెప్పులు, రెండో అంతస్తులో ఆయన ఏసీ గది.

"వాని పెండ్లాం నిన్న నా తానకే ఒచ్చింది" అన్నాడాయన కుర్చీలో వెనక్కి వాలి. "తలుపు బయటికెల్లే పంపిచ్చిన. గసుంటి కేసు పట్టుకుంటే నా క్లయింట్లు నా మొఖం చూస్తరా?"

మాకు ఆయన మీద గౌరవం పెరిగింది. అతని భార్య ఆ రోజు ఇంకెన్ని మెట్లెక్కి దిగిందో మేం ఆలోచించలేదు.

తర్వాత కొన్నాళ్ళకు కూరగాయల బండి దగ్గర కబురు తెలిసింది, కోర్టే అతనికి ఒక వకీలును పెట్టిందని.

"మన ట్యాక్సు పైసలతోనా?" అంది మా పక్కింటామె టమాటాలు ఏరుతూ.

"ఆడమనిషంట మళ్ళ. ముసలామెను చంపినోని దిక్కు నిలవడతందుకు మనసెట్ల ఒస్తదో" అంది ఆమె వెనకున్నామె.

"ఫ్రీ వకీలు ఏం చేస్తదక్కా" అంది ఇంకొకామె. "ఫ్రీ బస్సు లెక్కనే. ఎక్కుతందుకు టికెట్ లేదు, కూసుంటందుకు సీటు లేదు."

అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. ఇప్పుడు తలుచుకుంటే మా తర్కం చూసి నాకే ముచ్చటేస్తుంది. వాడికి వకీలు ఉండాలి, లేకపోతే శిక్ష చెల్లదంటారు. కానీ ఆ వకీలు చేతకానిదై ఉండాలి. చేతకానిదైతే వెక్కిరిస్తాం, చేతనైనదైతే సిగ్గులేనిదంటాం. ఆమెకు మంచి పేరు తెచ్చుకునే దారి ఒక్కటి కూడా మేం మిగల్చలేదు.

ఆమెను నేను మొదట చూసింది కోర్టులో కాదు, మా గేటు ముందు. తెల్లవారి ఐదుంపావు అయివుంటుంది. ముగ్గు వేయడానికి బయటికొస్తే టీచరమ్మ గేటుకు కొంచెం ఇవతల ఒకామె నిలబడి ఉంది. ముప్పై ఐదేళ్ళుంటాయేమో, నూలు చుడీదార్, భుజాన సంచి. టు-లెట్ బోర్డు చూసి వచ్చిందనుకున్నాను.

"ఇల్లు కిరాయికి చూస్తున్నవా అమ్మా?"

"లేదు మేడం" అంది. "ఆ కేసులో ముద్దాయి తరఫున కోర్టు పెట్టిన వకీలుని నేను. మీరు సాక్షి అనుకుంట. మీతోని కేసు గురించి మాట్లాడొద్దు నేను. జర సేపు నిలవడి చూసి పోత."

మాట్లాడకూడదన్నది ఆమెకు గానీ నాకు కాదుగదా. మొదలుపెట్టాను. నీకు తల్లి లేదా అని అడిగాను. రేపు నీ మెడలో గొలుసు లాగితే వానికి కూడా వకాలతు పడతావా అని అడిగాను. చదువుకున్న చదువంతా దొంగల పాలు చేస్తున్నావన్నాను. పక్క గేట్లు కూడా తెరుచుకున్నాయి, నాకు ఊపు వచ్చింది. ఆమె ఎదురు చెప్పలేదు, తల దించలేదు. నా మాట పూర్తయ్యేదాకా విని, తర్వాతి మాట కోసం ఎదురుచూస్తున్నట్టు నిలబడింది. ఎదుటి మనిషి అడ్డం రాకపోతే తిట్టడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది.

నేను ఒక వాక్యం మధ్యలో ఉండగా వీధి చివర నుంచి ఎవరో అరిచారు, "నల్లా ఒచ్చింది" అని. అంతే. వాక్యాన్ని అక్కడే వదిలేసి లోపలికి పరుగెత్తాను. గేట్ల దగ్గర చేరినవాళ్ళంతా పరుగెత్తారు. మాకు నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, ముప్పావు గంటే ఉంటాయి. నేను మళ్ళీ బయటికొచ్చేసరికి ఆమె లేదు. తరిమేశానని వీధంతా చెప్పుకున్నాను.

సాక్ష్యం రోజున కోర్టు వరండాలో చాలాసేపు కూర్చున్నాను. టీచరమ్మ కూతురు ఒక పక్క, మా వీధి ఆడవాళ్ళు నలుగురు ఇంకో పక్క. తలుపు తెరిచే ఉంది. లోపల అతను ఒక ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. ఆ వకీలమ్మ అతనికి ఎడమ పక్కనే నిలబడి, మాటిమాటికీ వంగి అతని చెవిలో ఏదో చెప్తోంది. నాకు ముందు సాక్ష్యం చెప్పిన డాక్టరు ఒక మాట చెప్పడం, ఆమె వంగి అది అతనికి చెప్పడం, మళ్ళీ నిటారుగా నిలబడటం.

"ఏం ఊదుతుంది గంతసేపు వాని చెవుల?" అన్నాను తలుపు దగ్గరున్న కోర్టు కానిస్టేబుల్‌తో.

"కుడి చెవి అస్సలు వినవడదమ్మా ఆయనకి" అన్నాడు. "మేం గూడ పొగరు అనుకున్నం. గీ మేడం ఒచ్చినంకనే తెలిసింది. మొదటి దినమే జడ్జిగారికి అర్జీ వెట్టి పీట వేయించింది. సాక్షులు చెప్పేటివన్ని వానికి ఒక్క ముక్క ఇడవకుంట చెప్తది."

రెండుసార్లు మా సంపులోకి దిగిన మనిషి. పైనుంచి నేను కేకలేసి పిలిస్తే పలకని మనిషి. ఏ వైపు నుంచి పిలిచానో ఎప్పుడైనా చూసుకున్నానా? కానీ అప్పటికి నా పేరు పిలిచారు.

ప్రభుత్వం తరఫు వకీలు పీపీగారు అడిగినవాటికి గడగడా చెప్పాను. బాల్కనీ, ఐదూ నలభై, బైకు, వీపు. ముద్దాయిని చూపించమంటే చేయి చాపి చూపించాను. ఆమె వంగి అది కూడా అతని చెవిలో చెప్పింది. అతను నా చేతి వేలి వైపు చూశాడు. తర్వాత ఆమె బోను ముందుకు వచ్చింది. నేను నడుం బిగించాను. ఇప్పుడు చూద్దాం ఎవరి నోరు గెలుస్తుందో అనుకున్నాను.

"మీ ఇల్లు ఏ ముఖం అమ్మా?" అంది.

ఇదేం ప్రశ్న అనుకున్నాను. "పడమర."

"నీళ్ళ సంపు ఎక్కడుంది?"

నాకు నవ్వొచ్చింది. "సంపు ఏడుంటది మేడం? ఈశాన్యంల. గా మాత్రం వాస్తు తెల్వదా మీకు?"

వెనక మావాళ్ళు కిసుక్కున నవ్వారు. "అడిగిందానికే చెప్పండమ్మా" అన్నారు జడ్జిగారు. వకీలమ్మ కూడా చిన్నగా నవ్వింది, తప్పు ఒప్పుకున్నట్టు.

"పడమర ముఖం ఇంటికి ఈశాన్యమంటే వెనక మూల కదమ్మా?"

"అవును. బట్టలుతికే బండ పక్కన."

"అక్కడ నిలబడితే రోడ్డు కనిపిస్తుందా?"

"ఎట్ల కనవడతది? నడుమ ఇల్లున్నది కద."

"నీళ్ళొచ్చే రోజు మీ ఇంట్లో ఎవరు చూసుకుంటారు?"

ఈ విషయంలో నన్ను మించినవాళ్ళు మా వీధిలో లేరు. ఆ గర్వంతో చెప్పాను. నల్లా వచ్చిందంటే చేతిలో ఏమున్నా పడేసి పోతానని, మూత తీసి, పైపు దించి, మోటారు వేసి, నీళ్ళు ఆగేదాకా అక్కడి నుంచి కదలనని, కదిలితే పక్కింటి మోటారు మన నీళ్ళు లాగేసుకుంటుందని.

"ఎవరికైనా అప్పజెప్తారా?"

"ఎవ్వర్ని నమ్మ నేను. మా ఆయన ఒక్కసారి చూస్తనని మోటరు కాల్చి పెట్టిండు."

ఈసారి టైపు చేసే ఆయన కూడా నవ్వాడు. నాకు సభ గెలిచినట్టుంది. వకీలమ్మ ఒక కాగితం జడ్జిగారికి ఇచ్చింది. మా వీధికి నీళ్ళు వదిలే లైన్‌మన్ రిజిస్టరు నకలు. దాని ప్రకారం టీచరమ్మ పడిపోయిన రోజు నీళ్ళ రోజు. ఐదున్నరకు వదిలారు, ఆరుంపావుకు ఆపారు. గొలుసు లాగింది ఐదూ నలభైకి అని నేనే చెప్పాను.

ఆమె నా వైపు చూసింది. ఇప్పుడు అడుగుతుంది అనుకున్నాను, మరి బాల్కనీలో ఎట్లా ఉన్నావు, అబద్ధం చెప్తావా అని. ఆమె స్థానంలో నేనుంటే అదే అడిగేదాన్ని, వేలు చూపించి మరీ. ఆమె అడగలేదు.

"ఇంతేనండీ" అని జడ్జిగారికి చెప్పి కూర్చుంది.

గదిలో ఫ్యాను తిరుగుతోంది. అందరూ నన్నే చూస్తున్నారు. పీపీగారు లేచి, "ఆ రోజు ఐదూ నలభైకి మీరు ఎక్కడున్నారో బాగా గుర్తు తెచ్చుకుని చెప్పండమ్మా" అన్నారు. బాల్కనీ అని ఒక్క మాట అంటే చాలు. ఆ రోజు సంపు దగ్గరికి పోలేదని అంటే చాలు. టీచరమ్మ కూతురు రెండు చేతులూ ఒళ్ళో బిగించుకుని ఉంది. మాట నా నాలుక మీదే ఉంది.

కళ్ళు మూసుకున్నాను. బైకు కనిపించింది, వీపు కనిపించింది. ఆ చిత్రం మూలన తెల్లటి అంకెలు కూడా కనిపించాయి.

అంకెలు కెమెరాలో ఉంటాయి గానీ కళ్ళలో ఉండవు. నేను చూస్తున్నది వీధి చివరి రెండో అంతస్తు నుంచి కనిపించే వీధిని. మా బాల్కనీ నుంచి టీచరమ్మ గేటు అట్లా కనిపించదు. ఇన్ని నెలలూ కళ్ళు మూసుకుని నేను చూసింది ఆ ఫోను వీడియోని. దాని వెనక, ఇన్నాళ్ళూ ఎవరూ అడగని ఇంకో జ్ఞాపకం నెమ్మదిగా పైకి వచ్చింది. సంపు మూత ఇనప రింగు, తడి చేతులు, రోడ్డు వైపు నుంచి అరుపు, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని పరుగు. నేను గేటు దాకా వచ్చేసరికి బైకు లేదు. ముగ్గు గిన్నె బోర్లా పడి ఉంది.

"నేను సంపు తాన ఉన్న" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ అన్నాను. "సంపు తాన ఉన్న. బండిని చూడలే. ఆయన్ని గూడ చూడలే. తర్వాత ఫోన్ల చూసిన."

జడ్జిగారు ఆ మాటల్ని ఇంగ్లీషులో చెప్పారు. టైపు చేసే ఆయన కొట్టాడు. ఒక మనిషి బతుకంతా జైల్లో గడవడానికి, గడవకపోవడానికి మధ్య ఉన్నది ఆ రెండు మూడు వాక్యాలేనని, అవి నా నోట్లోంచే రావాలని, ఆ గదిలో అందరూ వాటి కోసం ఓపికగా కూర్చున్నారని అప్పుడు తట్టింది. గుళ్ళో కూడా నాకు అంత భయభక్తి కలగలేదు. ఆమె గెలిచినట్టు ముఖం పెట్టలేదు. మామూలుగా లేచి, అతని ఎడమ చెవి దగ్గర వంగి, నేను చెప్పింది మెల్లగా చెప్పింది. అతను తలెత్తాడు. అతని కళ్ళు నేను సూటిగా చూడటం అదే మొదటిసారి.

బయట వరండాలో మావాళ్ళు నన్ను దాటుకుని పోయారు. టీచరమ్మ కూతురు మాత్రం ఎదురుగా వచ్చి నిలబడింది.

"అయితే మా అమ్మని ఎవరు చంపినట్టండీ?" అంది.

వీధిలో ఎదురుపడితే ఆమె ముఖం తిప్పుకుంటుంది. ఆమెది తప్పని అనలేను. లేని ధైర్యాన్ని ఆమెకు ఇచ్చి, నలుగురిలో తీసేసుకున్నదాన్ని నేను.

కొన్ని నెలలకు తీర్పు వచ్చింది. నేరం రుజువు కాలేదని వదిలేశారు. ఫ్రీ వకీలు కొంప ముంచిందని కూరగాయల బండి దగ్గర అన్నారు. దొంగను కాపాడిన పాపంలో నాకూ భాగం ఉందని, నేను అమ్ముడుపోయానని కూడా అన్నారట. మామూలుగా అయితే అన్నవాళ్ళ ఇంటిదాకా పోయి కడిగేదాన్ని. ఈసారి తోటకూర కట్ట సంచిలో వేసుకుని వచ్చేశాను.

దిల్‌సుఖ్‌నగర్ బస్‌స్టాపులో ఆమె మళ్ళీ కనిపించింది. ఒళ్ళో ఫైళ్ళు, మీద మొక్కజొన్న కంకి. నేను పోయి పక్కన కూర్చున్నాను. గుర్తుపట్టి పక్కకు జరిగింది.

"ఇప్పుడు మాట్లాడొచ్చు కదా నాతోని?" అన్నాను.

"మాట్లాడొచ్చు మేడం" అని నవ్వింది. "ఆ రోజు మీరు ఒక మాట సగంల ఇడిసి నీళ్ళకు ఉరికిన్రు. కడమది చెప్పుండ్రి."

నాకు సిగ్గేసింది. ఎన్నాళ్ళుగానో లోపల తొలుస్తున్నది అడిగాను. "నిజంగ ఆయనే చేసిండా?"

"నాకు తెల్వదు మేడం."

"అడగలేదా?"

"మొదటి దినం జైల్ల నేను అడిగింది, ఏ చెవి మంచిగ వినవడతదని." కంకి గింజలు నాలుగు వలిచి నా చేతిలో పెట్టింది. "మా అమ్మ గూడ అంటది, గసుంటోళ్ళ కేసులు నీకేందుకే అని. ఎవ్వలు పట్టుకోకుంటే ఆయన ఆడ ఒక్కడు కూసుంటడు కదా మేడం. మనం చెప్పేటిదేందో గూడ ఆయనకు వినవడదు."

బస్సొచ్చింది. అల్మాస్‌గూడ బస్సు, కిక్కిరిసి ఉంది. ఫైళ్ళు గుండెలకు హత్తుకుని, కంకి పళ్ళతో పట్టుకుని ఎక్కేసింది. సీటు దొరికి ఉండదు. మాట అడ్డం వేయకుండా వినడం అనే పనిని ఒక మనిషి ఇంత పెద్ద పనిగా చేయగలదని తెలియక, యాభై ఏళ్ళు నోరే గొప్పదనుకున్నాను.

పోయిన నెలలో మా సంపు కడిగించాల్సి వచ్చింది. వేరేవాళ్ళ నంబర్లు గ్రూపులో బోలెడున్నాయి. నేను అతనికే ఫోను చేశాను. భార్య ఎత్తింది. ఎవరని రెండుసార్లు అడిగి, తర్వాత పంపిస్తానంది. నీళ్ళు రాని రోజు చూసి రమ్మన్నాను. అతను మా గేటులోకి వస్తుంటే వీధిలో ఒక్కొక్క గేటే తెరుచుకుంది. నేను ఎవరి వైపూ చూడలేదు.

బురద తోడి, గోడలు రుద్ది, అతను పైకొచ్చి బండ మీద కూర్చున్నాడు. నేను అటు తిరిగి అతని ఎడమ పక్కకు పోయాను. ఏమనాలో ముందే అనుకుని పెట్టుకున్నాను, తీరా నోరు రాలేదు.

అతనే అన్నాడు, కాళ్ళ బురద కడుక్కుంటూ. "వకీలమ్మ నాకన్ని చెప్పింది అమ్మా. మీరు చెయ్యి చూపెట్టి చెప్పింది గూడ, కడకు సంపు తాన ఉన్ననన్న మాట గూడ."

ఇంకేమైనా అంటాడేమోనని ఆగాను. నా మాట అడ్డం వేయకుండా ఆగాను. అతను సంపు మూత జరిపి, ఈశాన్యం మూలన సరిగ్గా కూర్చుందో లేదో రెండుసార్లు చూసుకుని, నీళ్ళెప్పుడొస్తాయని అడిగాడు.

"రేపు" అన్నాను అతని ఎడమ చెవి దగ్గర వంగి.